రహీం సాబ్ పేరు మన జిల్లా పోటీకి పెడితే తప్పేంటి?

పాలమూరు_పీఈటీ
జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. సంక్రాంతి సెలవులకు ముందు చుట్టుపక్కల బడులన్నిటినీ పిలిచి ఫుట్‌బాల్ పోటీ పెడదామనుకున్నాం. దానికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పెడదామని నేను అన్నాను. మీటింగులో తలా ఒక మాట. ఒకాయన "హైదరాబాద్ ఆయనతో మనకేం పని, మన జిల్లాలో మనుషులే లేరా" అన్నాడు. ఇంకొకాయన "ఆయన ఆటగాడు కూడా కాదు, కోచ్. కోచ్ పేరు మీద ఎవరైనా కప్పు పెడతారా" అన్నాడు. భోజనాలకు డబ్బిచ్చే పెద్దమనిషి మాత్రం ఏమీ అనకుండా వాళ్ల నాయన ఫొటో తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

మనసు మండిపోయింది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు మెస్సీ కొడుకుల పేర్లతో సహా తెలుసు. మనకు వంద కిలోమీటర్ల దూరంలో బడి పంతులుగా పనిచేసిన మనిషి భారత జట్టుకు రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టాడంటే "నిజమా సార్" అని నోరు తెరుస్తున్నారు. వచ్చే వారం మళ్లీ మీటింగు ఉంది. ఏం చెప్పి ఒప్పించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కోయిల్‌సాగర్_కుర్రాడు
భోజనంలో చికెన్ ఉంటే ఫొటో పెట్టుకోనియ్యండి సార్, ఆకలి మీద ఉన్న పిల్లలు బ్యానర్ చదవరు 😀

జడ్చర్ల_జంక్షన్
మీటింగులో "మన జిల్లాలో మనుషులే లేరా" అన్నాయన వైపే నేను. రహీం గొప్పవాడు, కాదనను. కానీ మన దగ్గర పోటీ పెడితే మన దగ్గర ఆడినవాళ్ల పేరు ఉండాలి. రాజధాని వాళ్లను మోసింది చాలు. ఎప్పుడూ మనం చప్పట్లు కొట్టడమేనా?

సికింద్రాబాద్_నుంచి
మాది నారాయణపేట, ఉండేది ఇక్కడ. జడ్చర్ల అన్నా, 1951లో రహీం సాబ్ ఢిల్లీలో మొదటి బంగారు పతకం తెచ్చినప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ ఉన్నది హైదరాబాద్ రాష్ట్రంలోనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా 1956-57లో, 1957-58లో వరసగా రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. మన జట్టు అనుకోవడానికి ఇంకేం కావాలి?

ఇక "ఆటగాడు కాదు" అన్న మాట. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు, కమర్ క్లబ్‌కు ఆడాడు. 1909లో పుట్టినవాడు. ఆయన కుర్రతనంలో భారత జట్టు ఏడాదికి పదిసార్లు విదేశాలకు పోయే రోజులు కావు. చదువుకుని బడిలో టీచరయ్యాడు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్, దాంతోపాటే భారత జట్టు కోచ్. ఈ రెండు పనులూ 1963లో పోయేదాకా చేశాడు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌నే ఓడించింది. కలకత్తా వాళ్లకు అది మింగుడుపడని విషయం అప్పట్లో.

పీఈటీ సార్, మీటింగులో ఒకటే చెప్పండి: ఆయన మీలాగే డ్రిల్ సార్.

రెండో_సగం
ఆయన కాలంలోనే కదా బూట్లు లేక 1950 ప్రపంచ కప్‌కు మనవాళ్లను రానివ్వలేదు?

సికింద్రాబాద్_నుంచి
ఆ బూట్ల కథ అందరూ చెప్తారు, కానీ అసలు సంగతి అది కాదు తమ్ముడూ. బ్రెజిల్‌కు పిలుపు వచ్చింది, మన సంఘమే పోలేదు. ఒలింపిక్స్‌నే పెద్దగా చూసేవాళ్లు, జట్టు ఎంపిక దగ్గర పేచీలు, దూర ప్రయాణం, ప్రాక్టీసుకు సమయం లేదన్నారు. బూట్ల దెబ్బ నిజంగా తగిలింది 1952లో హెల్సింకిలో. ఆ చలిలో చాలామంది ఒట్టికాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1. మనకు ఆ ఒక్క గోల్ కొట్టింది అహ్మద్ ఖాన్. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు.

అప్పుడు కోచ్ రహీం సాబే. పది గోల్స్ తిని వచ్చిన కోచ్‌ను ఇవాళైతే విమానాశ్రయంలోనే తీసేస్తారు. ఆయనను ఉంచారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే, 4-1తో ఓడిపోయాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అంతకు మించి లేదు.

దేవరకొండ_డిఫెండర్
10-1 తర్వాత ఉంచడమే అసలు విషయం. మా దగ్గర మండల స్థాయిలో ఓడితే డ్రిల్ సార్‌ను ఓటర్ల జాబితా డ్యూటీకి పంపిస్తారు.

చందూరు_సంచారి
ఇక్కడ ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. మాది నల్లగొండ. సాయుధ పోరాటంలో మా నాయనమ్మ వాళ్లు ఊరు విడిచి చెల్కల్లో పడుకున్నారు. "హైదరాబాద్ పోలీస్" అనే మాట మా ఇంట్లో ఆట పేరు కాదు, క్యాంపు పేరు. సిటీ పోలీస్ కప్పులు గెలిచిందని మా నాన్న చదివి వినిపిస్తే ఆమె లేచి లోపలికి పోయేదట. మా పెద్దవాళ్లు ఈ జట్టును సొంతం చేసుకోలేదు. సికింద్రాబాద్ అన్న చెప్పినంత సులువుగా "మన జట్టు" అనడం నాకు రాదు.

సికింద్రాబాద్_నుంచి
కోపం ఎందుకు వస్తుందక్కా. ఆ బాధ నిజం. ఆ జట్టులో ఆడినవాళ్లు చాలామంది పేదింటి పిల్లలు, ఆట చూసి ఉద్యోగం ఇచ్చారు. కోచ్ పోలీసు కాదు, బడి పంతులు. నేను ఆ పంతులు గురించే అడుగుతున్నా, యూనిఫాం గురించి కాదు.

చందూరు_సంచారి
పంతులు అంటే నాకు అభ్యంతరం లేదు. పోటీకి ఆయన పేరు పెట్టండి, బ్యానర్ మీద పోలీసు జట్టు ఫొటో వద్దు. అంతే.

పాలమూరు_పీఈటీ
న్యాయమైన మాట. ఫొటో పెట్టను.

కృష్ణ_ఒడ్డున
మా తాత మక్తల్ దగ్గర నుంచి బొంబాయికి మట్టిపనికి పోయేవాడు. పాలమూరు కూలీలంటే అప్పట్లో బొంబాయిలో తెలియనివాళ్లు లేరు. ఒక మేస్త్రీ వీళ్లను కూపరేజ్ మైదానానికి తీసుకెళ్లాడట, టికెట్ డబ్బులు కూలీలో పట్టుకున్నాడు. రోవర్స్ కప్. మైదానంలో హైదరాబాద్ జట్టు. తాతకు ఆట నియమాలు ఏమీ తెలియవు. కానీ లైను దగ్గర నిలబడ్డ ఆటగాళ్లు ఒకరినొకరు మన యాసలో ఉర్దూ కలిపి పిలుచుకుంటుంటే విని గట్టిగా అరిచాడట, పక్కనున్న బొంబాయి వాళ్లు తిరిగి చూశారట. ఊరు వదిలి ఆర్నెల్లు ముళ్లకంపలో బతికిన మనిషికి ఆ మధ్యాహ్నం ఎంత బలం ఇచ్చిందో మాకు చెప్పీ చెప్పీ అరిగిపోయింది. తెలుపు నలుపు పేపర్ ముక్క ఒకటి తగరపు పెట్టెలో దాచుకున్నాడు, చెదలు తినేశాయి.

జడ్చర్ల అన్నా, రాజధాని వాళ్లను మోసింది అంటున్నావు. ఆ రోజు మా తాతను మోసింది ఆ జట్టు.

జడ్చర్ల_జంక్షన్
ఈ మాటకు ఏం చెప్పాలో తెలియడం లేదు. సరే, పేరు సంగతి వదిలేస్తా. కానీ పేరు పెట్టి దండేసి ఇంటికి పోతే ఏం లాభం? ఆయన చేసిన పని ఒక్కటైనా మన గ్రౌండ్‌లో జరగాలి.

పాలమూరు_పీఈటీ
అదే అడగబోతున్నా. ఆయన శిక్షణ ఎలా ఉండేదో ఎవరికైనా తెలుసా? మా గ్రౌండ్ సంగతి ముందే చెప్తా. ఒక వైపు వేపచెట్టు, ఇంకో వైపు ప్రహరీ కూలింది, బర్రెలు వస్తాయి. గోల్ పోస్టులకు వెదురు బొంగులు, గీతలకు ముగ్గుపిండి. మంచి బంతి ఒకటే, రెండోది తన్నితే గుమ్మడికాయలా ఎటు పోతుందో తెలియదు.

ఎన్‌జీ_కాలేజీ_వింగర్
ఆయన పిల్లల కోసం రెండు రకాల పోటీలు పెట్టేవాడు. ఒకటి డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతి అందగానే పాస్ ఇవ్వాలి, కాళ్ల మధ్య తిప్పుకుంటూ పరుగెత్తితే తప్పు. రెండోది బలహీనమైన కాలి పోటీ. కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నాలి. మైదానం ఎలా ఉన్నా జరుగుతాయి, బంతి ఒకటి చాలు. డబ్బులేని రోజుల్లో, డబ్బులేని పిల్లల కోసం పెట్టినవి.

నేను నల్లగొండలో కాలేజీ గ్రౌండ్‌లో చిన్నపిల్లలకు పొద్దున పూట ఆట నేర్పుతాను. డ్రిబ్లింగ్ లేకుండా ఆడిస్తే మొదటి పది నిమిషాలు సంత. అందరూ బంతి మీదకే. తర్వాత ఒక పిల్లవాడు ఖాళీగా ఉన్న చోటికి పోయి చెయ్యెత్తి నిలబడతాడు. ఎవరూ చెప్పరు, వాడికే అర్థమవుతుంది. ఆ చెయ్యి లేవడం కోసమే నేను ఆ ఆట ఆడిస్తా.

గద్వాల_గోలీ
ఒప్పుకోను. పిల్లలు ఫుట్‌బాల్‌కు వచ్చేదే నలుగురిని తప్పించుకుని పోయే సరదా కోసం. అది తీసేస్తే క్రికెట్‌కు పోతారు, మనకు ఖోఖో జట్టు కూడా మిగలదు. మన దగ్గర ఒంటరిగా బంతి తీసుకుపోగలిగినవాడే జిల్లా సెలక్షన్లలో కనపడతాడు. పాస్ ఇచ్చినవాడి పేరు ఎవరూ రాసుకోరు.

ఎన్‌జీ_కాలేజీ_వింగర్
సెలక్షన్ల గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అది సెలక్షన్ చేసేవాళ్ల తప్పు, పాస్ తప్పు కాదు. రోజూ డ్రిబ్లింగ్ మాన్పించమని ఎవరన్నారు? వారంలో ఒక పూట. బలరాం చూడండి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం. మనిషిని తప్పించడంలో ఆయనంతటివాడు లేడనేవాళ్లు. అలాంటివాడికి కూడా రహీం సాబ్ రెండు కాళ్లూ, పాసూ నేర్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ ఆయనవే.

సికింద్రాబాద్_నుంచి
బలరాం పేరు వచ్చింది కాబట్టి ఒకటి. ప్రాక్టీసుకు హైదరాబాద్ రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవని తెలిసి, అద్దె సైకిల్‌కు రోజూ రూపాయి రహీం సాబ్ తన జేబులోంచి ఇచ్చేవాడని ఇక్కడి పాత ఆటగాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. టీచరు జీతంలోంచి. ఆ బలరాం మెల్‌బోర్న్, రోమ్, జకార్తా మూడూ ఆడాడు. ఊపిరితిత్తుల జబ్బుతో చిన్న వయసులోనే ఆట ఆపేయాల్సి వచ్చింది, తర్వాత కలకత్తాలో పిల్లలకు కోచింగ్ ఇచ్చాడు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే పోయాడు. మన పేపర్లలో లోపలి పేజీ.

దేవరకొండ_డిఫెండర్
సైకిల్ రూపాయి దగ్గర ఆగిపోయా. దేవరకొండ హాస్టల్లో ఉన్నప్పుడు నల్లగొండ సెలక్షన్లకు బస్సు చార్జీ లేక పోలేదు నేను. అడిగే ధైర్యం లేదు, అడగకుండా గమనించే సార్ లేడు. పీఈటీ సార్, పోటీకి కప్పు చిన్నది కొనండి, పిల్లల చార్జీలు ఇవ్వండి.

మర్రిగూడ_మంచినీళ్లు
మా వైపు మా ముందు తరం పరుగెత్తే ఆటలు ఆడలేదు. ఫ్లోరైడ్ నీళ్లు. పన్నెండేళ్లకే మోకాళ్లు వంగిన పిల్లలు క్లాసులో నాతోనే కూర్చునేవాళ్లు. గ్రౌండ్ పీరియడ్‌లో గట్టు మీద కూర్చుని స్కోరు చెప్పేవాళ్లు. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చాక మా మేనల్లుడు సాయంత్రం చీకటి పడేదాకా బంతి తంతూనే ఉంటాడు. "నల్లగొండ నుంచి ఆటగాళ్లు ఎందుకు రాలేదు" అని అడిగేవాళ్లకు ఇది కూడా తెలియాలి.

చందూరు_సంచారి
ఇది రాసినందుకు నీకు దండం. మా చిన్నాన్న కూడా ఆ గట్టు మీద కూర్చున్నవాడే.

రెండో_సగం
జకార్తా గురించి ఎవరైనా చెప్పండి. 'మైదాన్' సినిమాలో చూశా, ఎంత నిజమో ఎంత కల్పితమో తెలియదు.

సికింద్రాబాద్_నుంచి
సినిమా పక్కన పెట్టు. నిజంగా జరిగిందే చాలు.

1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ వాళ్లను ఇండోనేషియా రానివ్వలేదని మన అధికారి ఒకాయన ఎదురు మాట్లాడాడు. దాంతో జనం మన మీద మండిపడ్డారు, మైదానంలో మనవాళ్లు కనిపిస్తే చాలు గోల. మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచాం, కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0.

ఇక్కడ రహీం సాబ్ బుర్ర చూడండి. కుట్లతో ఉన్న డిఫెండర్‌ను ఎవరైనా బెంచీ మీద కూర్చోబెడతారు. ఆయన సెమీఫైనల్లో జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడని ఆయనకు గుర్తుంది. దక్షిణ వియత్నాం మీద 3-2, చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి. ఫైనల్లో మళ్లీ కొరియా. అప్పటిదాకా గోల్‌లో ప్రద్యుత్ బర్మన్ ఉన్నాడు, ఫ్లూ నుంచి లేచిన మన హైదరాబాద్ పీటర్ తంగరాజ్‌ను దింపాడు, పొడగరి అని. సెప్టెంబర్ 4, లక్ష మంది జనం, అందరూ మనకు ఎదురే. మొదటి ఇరవై నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. కొరియా చివర్లో ఒకటి కొట్టింది. 2-1.

అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న పోయాడు. 53 ఏళ్లు. ఆ తర్వాత ఇవాళ్టిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం లేదు.

గద్వాల_గోలీ
పొడుగు కోసం గోలీని మార్చాడన్నది తెలియదు. ఫైనల్ పూట గోలీని మార్చడమంటే కోచ్‌కు ఎంత టెన్షన్ ఉండాలి! గోలీగా చెప్తున్నా, ఆ బర్మన్ బాధ కూడా ఎవరైనా తలుచుకోవాలి.

జడ్చర్ల_జంక్షన్
మరి ఇంత జరిగిన చోట ఇప్పుడు ఏమైంది? ఆయన పోగానే అంతా పోయిందంటే ఆయన వెనక ఎవరినీ తయారుచేయలేదనే కదా.

సికింద్రాబాద్_నుంచి
తయారుచేశాడు. 1965-66లో కూడా ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. నయీముద్దీన్ భారత జట్టు కెప్టెన్, తర్వాత కోచ్. హబీబ్ కలకత్తాలో ఎంత పెద్ద పేరో అక్కడివాళ్లను అడగండి. రహీం సాబ్ కొడుకు హకీం ఒలింపియన్, ఫిఫా రిఫరీ, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు. మంచి ఆటగాళ్లందరినీ కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చి తీసుకుపోయాయి. ఇక్కడ ఉద్యోగాలిచ్చే జట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సంఘంలో తగాదాలు. పిల్లల పోటీలు నడిపే మనిషి లేడు. కప్పుల కన్నా ఆ పిల్లల పోటీలు ఆగిపోవడమే మనల్ని ముంచింది, నా లెక్కలో.

జడ్చర్ల_జంక్షన్
జిల్లాలకు రాలేదు కదా కానీ. అంతా జంట నగరాల్లోనే. నా బాధ అదే.

సికింద్రాబాద్_నుంచి
అది ఒప్పుకోవాల్సిందే. రాలేదు.

వనపర్తి_వదిన
ఇందాకటి నుంచి చదువుతున్నా, ఒక్కరు కూడా ఆడపిల్లల మాట ఎత్తలేదు. గుగులోతు సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లి భారత జట్టుకు ఆడుతోంది. జిల్లా నుంచి రారు అంటారేంటి? మా ఊరి కస్తూర్బా బడిలో పిల్లలు ఫుట్‌బాల్ అడిగితే "మోకాళ్లు కొట్టుకుపోతే పెళ్లెట్లా" అన్నారు. పీఈటీ సార్, మీ పోటీలో ఆడపిల్లల జట్లు ఉన్నాయా?

పాలమూరు_పీఈటీ
రెండు బడులు పేర్లు ఇచ్చాయి వదినా. మీ బడి వస్తే మూడు. చార్జీలు మేమే పెట్టుకుంటాం, దేవరకొండ అన్న చెప్పినట్టు కప్పు చిన్నది చేస్తాను.

వనపర్తి_వదిన
హెచ్‌ఎం మేడంతో రేపే మాట్లాడతా. పంపకపోతే నేనే వెంటబెట్టుకుని వస్తా.

కోయిల్‌సాగర్_కుర్రాడు
ఫొటో పెద్దమనిషి సంగతి తేల్చండి ముందు. పోటీకి రహీం సాబ్ పేరు, భోజనాల షామియానాకు వాళ్ల నాయన పేరు. ఇద్దరూ సంతోషం, చికెన్ కూడా ఖాయం.

కృష్ణ_ఒడ్డున
కుర్రాడు ఆడుతూ అన్నా మంచి మాట అన్నాడు. అన్నం పెట్టేవాడి పేరు అన్నం దగ్గర ఉండటమే మర్యాద. ఆయనకు అలాగే చెప్పండి, కాదనడు.

పాలమూరు_పీఈటీ
మీటింగు అయిపోయింది. షామియానా మాట పనిచేసింది, పెద్దమనిషి సంతోషంగా ఒప్పుకున్నాడు, ఇంకో రెండు బంతులు కూడా కొనిస్తానన్నాడు. "మన జిల్లా కాదు" అన్నాయనకు కూపరేజ్ తాత కథ చదివి వినిపించా, వాళ్ల మామ కూడా బొంబాయి పోయినవాడేనట, ఇంకేమీ అనలేదు. కోచ్ పేరు మీద కప్పా అన్నాయన మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నాడు. ఉండనీ.

పోటీ ఇలా: జట్టుకు ఏడుగురు, సగానికి పదిహేను నిమిషాలు. లీగ్ మ్యాచ్‌లు మామూలుగా. పొద్దున మొదటి మ్యాచ్ మాత్రం డ్రిబ్లింగ్ లేకుండా, మధ్యాహ్నం మొదటిది బలహీనమైన కాలితో. వాటికి పాయింట్లు కూడా ఉంటాయి, లేకపోతే పిల్లలు సీరియస్‌గా ఆడరు. బెస్ట్ ప్లేయర్ బహుమతి ఎక్కువ గోల్స్‌కు కాదు, ఎక్కువ గోల్స్‌కు దారితీసిన పాస్‌లకు. రాసుకోవడానికి ఒక మనిషి కావాలి.

ఎన్‌జీ_కాలేజీ_వింగర్
నేను వస్తా. పుస్తకం, పెన్ను నావే.

గద్వాల_గోలీ
బలహీనమైన కాలి మ్యాచ్‌లో గోల్ కిక్ కూడా ఆ కాలితోనేనా? మా పిల్లలకు ఇప్పటినుంచే చెప్పాలి.

పాలమూరు_పీఈటీ
గోలీకి కూడా అంతే. వేరే కాలితో తన్నితే అవతలి జట్టుకు ఫ్రీకిక్. మా ఎనిమిదో తరగతిలో ఎడమకాలి పిల్ల ఒకతి ఉంది, ఆ అమ్మాయి కుడికాలితో ఆడాలి. రాత్రి నుంచి గోడకు బంతి కొడుతోందట, వాళ్లమ్మ ఫోన్ చేసి తిట్టింది.